కొట్టుగదిలో పాతబడవలసినవి, పాతబడరానివి

దీర్ఘకాలంగా అజీర్ణం, ఆమ్లపిత్తం, కడుపు ఉబ్బరం వంటి బాధలతో నా వద్దకు వచ్చేవారిని, నాడి చూచిన పిదప నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. మీరు వండుకొనే బియ్యం ఎప్పటివి? నూనె, నెయ్యి, పొడులు ఎక్కడ ఉంచుతారు? పురుగు పట్టకుండా ధాన్యంలో ఏమి కలుపుతారు? మొదటి రెండు ప్రశ్నలకు చాలమంది నవ్వి ఊరుకుంటారు. మందు కోసం వచ్చిన చోట వెచ్చాల లెక్క ఎందుకని వారి భావన. మూడవ ప్రశ్నకు వచ్చే సమాధానాలు మాత్రం నాకు నవ్వు తెప్పించవు. వాటిని గూర్చి ఈ పాఠంలో కొంత కటువుగానే వ్రాయవలసి ఉన్నది.

పూర్వం మన ఇండ్లలో గాదెలు, పాతరలు, కాగులు, జాడీలు, ఉట్లు ఉండేవి. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క తావు, ఒక్కొక్క పాత్ర నియతమై ఉండేవి. నేటి అపార్టుమెంటులో కొట్టుగది అన్న పేరే లేదు. స్టవ్ గట్టు క్రింద రెండు అరలు, గోడకు ఒక అలమర, పైన ఒక అటక, ఇంతే. అయినను నిలువ చేయు ధర్మాలు మారలేదు. తావు తగ్గినప్పుడు అవి ఇంకను జాగ్రత్తగా పాటింపదగినవి.

ఏవి పాతవి మేలు?

శార్ఙ్గధర సంహితలో ఒక నియమం ఉన్నది. ఔషధాలలో వాడే ద్రవ్యాలన్నీ కొత్తవిగానే ఉండవలెనని చెప్పి, ఆరింటిని మాత్రం మినహాయించారు. అవి వాయువిడంగాలు, పిప్పళ్ళు, బెల్లం, ధాన్యం, నెయ్యి, తేనె. వీటిలో నాలుగు ప్రతి వంటింటిలోను ఉండేవే. కాబట్టి ఔషధాలకై చెప్పిన ఈ నియమం కొట్టుగదికి కూడ ఒక చక్కని పట్టిక వంటిది. అయితే ఒక్కొక్కదానికి ఉన్న పరిమితిని తెలిసికొననిచో ప్రమాదం.

మొదట ధాన్యం సంగతి. ఒక సంవత్సరం గడచిన ధాన్యం ప్రశస్తమని చరకుడు చెప్పాడు. భావప్రకాశం దానిని మరికొంత విడమరచింది: ఏడాది నిలువ ఉన్న ధాన్యం తన బరువును, అనగా జీర్ణం కాని గుణాన్ని విడుస్తుంది, కాని తన శక్తిని విడువదు, అటు తరువాత క్రమంగా శక్తి కూడ తగ్గుతూ పోతుంది. సంక్రాంతికి వచ్చిన కొత్త బియ్యం వండితే అన్నం ముద్దయై, జిగురుగా, కడుపులో బరువుగా ఉండుట ప్రతి ఇల్లాలికి తెలిసినదే. పాత బియ్యం నీటిని ఎక్కువగా పీల్చుకొని, ఒదిగి, మెతుకు మెతుకుగా విడివడి ఉంటుంది. కొత్త బియ్యం పొంగలికి, పరమాన్నానికి బాగున్నవి. జ్వరం నుండి లేచినవారికి, మందాగ్ని గలవారికి, వృద్ధులకు మాత్రం అవి వద్దు. రెండు డబ్బాలు పెట్టుకొని, పాతవానిలో ఒక పదిహేను రోజులకు సరిపడ ఎప్పుడూ మిగుల్చుకొనుట మంచి అలవాటు.

ఇక్కడ చాలమంది గమనింపని విషయం ఒకటి ఉన్నది. ధాన్యాలన్నీ పాతవే మేలు అనుకొనరాదు. యవలు, గోధుమలు, నువ్వులు, మినుములు కొత్తవే హితమని అదే భావప్రకాశం చెప్పుచున్నది. ఇందలి యుక్తి మన అనుభవానికి అందేదే. నువ్వులలో నూనె అధికం. అది నాళ్ళు గడిచిన కొలది గాలి సోకి చేదెక్కుతుంది. పాత మినుములు ఎంత నానబెట్టినా, ఎంత రుబ్బినా పిండి పొంగదు, గారె గట్టిపడుతుంది. కావున బియ్యం ఏడాదికి కొన్నను, నువ్వులు, మినపప్పు నెలకు, రెండు నెలలకు మించి కొనరాదు. దంపుడు బియ్యం కూడ ఈ కోవలోనివే. తవుడులో నూనె ఉన్నందున అవి తెల్లబియ్యం వలె నిలువ ఆగవు. నెల, నెలన్నరలో ముగించవలెను. సజ్జపిండి మరీ త్వరగా, కొద్ది రోజులలోనే చేదెక్కును. సజ్జలు నిలువ చేసి, వారానికి కావలసినంత పట్టించుకొనవలెనే గాని, పిండి నిలువ చేయరాదు.

బెల్లం విషయంలో శాస్త్రం స్పష్టం. కొత్త బెల్లం కఫాన్ని, దగ్గును, ఆయాసాన్ని, క్రిములను పెంచును. పాతది తేలికగా అరిగి పథ్యమగును. పాతదనగా వానకాలంలో చెమర్చి, జారి, పైన బూజు పట్టినది కాదు. పొడిగా, గట్టిగా, ముదురు రంగుకు తిరిగినది. దీనిని మూత బిగువుగా ఉన్న జాడీలో, ఎండిన ఆకు గాని శుభ్రమైన బట్ట గాని అడుగున వేసి ఉంచవలెను.

తేనె పాతదైతే లేఖన గుణం కలిగి, మేదస్సును తగ్గిస్తుంది. తేనె గడ్డకట్టినంత మాత్రాన కల్తీ అనుకొని పారవేయనక్కరలేదు. చలికాలంలో గడ్డకట్టుట దాని స్వభావం. అట్టి తేనెను పొయ్యి మీద పెట్టి కరిగించుట మాత్రం మన శాస్త్రానికి విరుద్ధం. సీసాను ఎండ పొడలో కొంతసేపు ఉంచిన చాలు. ఒక హెచ్చరిక: ఏడాది నిండని పసిబిడ్డకు ఏ తేనె అయినను, ఎంత శుద్ధమైనదైనను నాకించరాదు. అందులో ఉండగల బొటులిజం క్రిమిబీజాలు పసివాని ప్రేగులలో పెరిగి నరములను పట్టు విషాన్ని పుట్టిస్తాయి. ఇది నేటి వైద్యం నిర్ధారించిన విషయం. ఆచారమని చెప్పి దీనిని త్రోసివేయుట తగదు.

నెయ్యిని గూర్చి అపోహలెక్కువ. 'పాత నెయ్యి మందు' అన్న మాట విని అటకమీద సంవత్సరాల తరబడి దాచేవారిని చూచాను. పురాణఘృతం వైద్యుడు రోగానుసారంగా వాడవలసిన ఔషధం. భోజనానికి కొత్త నెయ్యే వాడవలెనని భావప్రకాశమే చెప్పుచున్నది. అన్నంలో వేసుకొనే నెయ్యికి పాతవాసన వచ్చిందంటే అది పురాణఘృతం కాలేదు, పాడయింది. మరొక్క మాట. కంచుపాత్రలో పది రాత్రులు నిలువ ఉన్న నెయ్యిని మన ఆచార్యులు విరుద్ధాహారాలలో చేర్చారు. కంచులో రాగి ఉన్నది; కొవ్వులోని ఆమ్లాలు దానిని కరిగిస్తాయి. నెయ్యికి గాజు సీసా గాని, స్టీలు గిన్నె గాని, పాతకాలపు జాడీ గాని తగినవి. చింతపండుకు, ఊరగాయకు కూడ జాడీయే శ్రేష్ఠం. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలలో పులుపును నిలువ చేయరాదు.

పాతబడుట వేరు, పాడగుట వేరు

1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల సరిహద్దున ఉన్న గిరిజన గ్రామాలలో ఉన్నట్లుండి కామెర్లు వ్యాపించాయి. పొట్టలో నీరు చేరి మనుషులు చనిపోసాగారు. వారితో పాటు అదే తిండి తిన్న కుక్కలు కూడ చనిపోయాయి. అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నలను సరిగా ఎండనీయక నిలువ చేసికొని, బూజు పట్టినవానినే వారు తిన్నారు. పేదలకు వేరే తిండి లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ బూజు పుట్టించిన అఫ్లాటాక్సిన్ అనే విషమే కారణమని తెలిపారు. లెక్కకు వచ్చిన 397 మంది రోగులలో 106 మంది మరణించారు.

ఈ సంగతిని నేను ప్రత్యేకించి చెప్పుట ఎందుకనగా, మధ్యతరగతి ఇండ్లలో కూడ పొదుపు పేర బూజును సహించే అలవాటు ఉన్నది. వేరుశనగ గింజలు నల్లబడినవి, ముడుతపడినవి, పైన ఆకుపచ్చ పసుపు కలిసిన పొడి వంటిది కనిపించేవి ఏరి పారవేయక 'వేయిస్తే పోతుందిలే' అనుకొంటారు. పోదు. అఫ్లాటాక్సిన్ వంటింటి వేడికి చావదు. అది కాలేయానికి శత్రువు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా లోనికి పోయినను కాలేయంలో వ్రణాన్ని పుట్టించగలదు. చేదుగా ఉన్న వేరుశనగ గింజను నమలి మ్రింగక ఉమ్మివేయుట పిల్లలకు నేర్పండి. ఎండుమిరపకాయలు తొడిమ వద్ద లోపల బూజు పట్టి ఉంటాయి. కారం కొట్టించే ముందు నాలుగు కాయలు విరిచి చూడండి. మొక్కజొన్నలు, ఎండుకొబ్బరి కూడ ఇట్టివే.

బూజుకు మూలం తడి. నిలువ ధాన్యంలో తేమ నూటికి 14 పాళ్ళకు మించరాదని, వేరుశనగలో 9 పాళ్ళకు లోబడి ఉండవలెనని శాస్త్రజ్ఞుల మాట. ఇంట్లో కొలిచే సాధనం మనకు లేదు గాని, గింజను పంట కొరికితే 'టక్'మని విరగవలెను, నలగరాదు. రోహిణి కార్తె ఎండలలో పప్పులు, మిరపకాయలు, చింతపండు ఎండబెట్టుట మన ఆనవాయితీ. అయితే ఎండలోనుండి తెచ్చిన వెంటనే, వేడిగా ఉండగానే డబ్బాకెత్తి మూత పెట్టరాదు. ఆ వేడికి మూత లోపల చెమట పట్టి, ఎండబెట్టిన ఫలమంతయు పోయి, పై పొర మొదట బూజు పడుతుంది. నీడన పరచి, పూర్తిగా చల్లారిన పిదప ఎత్తవలెను. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయరాదు. గింజలు పగిలి నూకలవుతాయి.

పురుగు

బియ్యంలో కనిపించే ముక్కు పురుగు ఎక్కడనుండో ఎగిరివచ్చి పడినదని చాలమంది తలుస్తారు. అధికభాగం అది కొన్న సంచిలోనే ఉంటుంది. ఆడపురుగు గింజకు తన ముక్కుతో రంధ్రం చేసి, అందులో గ్రుడ్డు పెట్టి, పైన పూడ్చివేస్తుంది. లోపల పిల్లపురుగు గింజను తిని పెరిగి, మన వాతావరణంలో ఒక నెల అటునిటుగా బయటికి వస్తుంది. కనుకనే కొన్ననాడు శుభ్రంగా ఉన్న బియ్యం నెల తిరిగేసరికి నడుస్తున్నట్లుంటాయి! పెసలు, అలసందలు, శనగల మీద తెల్లని చుక్కలు కనిపిస్తే అవి పుచ్చుపురుగు అంటించిన గ్రుడ్లు. అట్టి సరుకును కొట్టులోనే తిరుగగొట్టవలెను. పిండిలోని ఎర్రపురుగు డబ్బా మూలలలో మిగిలిన పాతపిండిలో కాపురముంటుంది. పాతదాని మీద కొత్తది పోయుట వలననే దాని వంశం తరతరాలు మీ ఇంట వర్ధిల్లుతుంది.

వేపాకు, వావిలాకు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేయుట మనకు అలవాటు. ఇవి బయటి పురుగును కొంత దూరం ఉంచగలవు. గింజ లోపల ఉన్న గ్రుడ్డును ఇవేవీ చంపలేవు. ఇది తెలియక 'వేపాకు వేసినా పురుగు వచ్చింది' అని మన పద్ధతులను నిందించుట న్యాయం కాదు. ఆకు వేయదలచినచో నీడన పూర్తిగా ఎండబెట్టి వేయవలెను. పచ్చి ఆకు తడిని తెచ్చి బూజును ఆహ్వానిస్తుంది. వస కొమ్ములు బలమైనవి, కాని వానిని పలుచని గుడ్డలో మూటగట్టి వేయవలెను. ముక్కలు అన్నంలో కలియరాదు. కందులు, పెసలు వంటి వానికి కిలోకు ఒక చిన్నచెంచా ఆముదం పట్టించుట మన పెద్దలు చేసిన గొప్ప పని. నూనె పూత వలన పురుగు గ్రుడ్డు నిలువదు. వండే ముందు గోరువెచ్చని నీటితో రెండుసార్లు కడిగిన చాలు. బొంబాయి రవ్వను తెచ్చిననాడే దోరగా వేయించి ఉంచుకొనుట, ఫ్రిజ్ ఉన్నవారు పిండిని, పప్పును నాలుగైదు రోజులు ఐస్ గదిలో ఉంచి తీయుట నిరపాయకరమైన ఉపాయాలు.

ఇక మూడవ ప్రశ్నకు వచ్చే జవాబులు. అందులో ఒకటి బోరిక్ పౌడర్. క్యారమ్ బోర్డు మీద చల్లే ఈ పొడిని బియ్యానికి పట్టించుట మన రాష్ట్రాలలో ఇంటింటి ఆచారమైపోయింది. పురుగు దానిని తిని చస్తుంది, నిజమే. పురుగును చంపేది మనకు పాలు పోస్తుందా? ఆహారంలో దీనిని కలుపుటకు మన దేశంలో అనుమతి లేదు. బియ్యం కడిగితే చాల భాగం పోవచ్చును. కాని హడావుడి ఉదయాలలో ఎన్నిసార్లు కడుగుతారు? పచ్చిబియ్యం నోట వేసికొనే అలవాటు పిల్లలకు, గర్భిణులకు ఉన్నది. పసివాడు ఒక చెంచాడు మ్రింగితే ప్రాణాపాయం రావచ్చును. పాలపిండియో, ఉప్పో అనుకొని పొరపాటు పడుటకు తగిన రంగే దానిది.

రెండవది అంతకంటె ఘోరం. ఒక ఇంట పసిబిడ్డ దగ్గుకు మందు అడుగుటకు వచ్చిన తల్లి, తాము పడుకొనే గదిలోనే ఏడాది బియ్యం బస్తాలు ఉన్నవని, వానిలో 'గోదాములో వేసే మాత్రలు' వేసినామని, మాటల సందర్భంలో చెప్పారు. నేను దగ్గు మందు ప్రక్కన పెట్టి, ముందు బిడ్డతో సహా ఆ ఇల్లు విడిచి, తలుపులు కిటికీలు తెరచి ఉంచుమని, వెంటనే బిడ్డను ఆసుపత్రికి చూపుమని పంపాను. ఆ మాత్రలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తడి తగిలినంతనే ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. మూసిన గదిలో నిద్రించే కుటుంబాన్ని ఒక్క రాత్రిలో తుడిచిపెట్టగలదు. దీనికి విరుగుడు మందు అల్లోపతిలోను లేదు, ఆయుర్వేదంలోను లేదు. ఖాళీ గోదాములను మూసి, శిక్షణ పొందినవారు వాడవలసిన వస్తువు అది. ఎవరు ఎంత చౌకగా తెచ్చి ఇచ్చినను ఇంటి గడప దాటనీయకండి. పురుగు పట్టిన బియ్యం వలన నష్టం కొన్ని రూపాయలు. చెరిగి, జల్లించి, కడిగి వండుకొనవచ్చును.

అమరిక

అరలు సర్దుకొనుట ఎవరి వీలును బట్టి వారిదే. కొన్ని నియమాలు మాత్రం అందరికి. బియ్యం బస్తా నేలమీద, గోడకు ఆనించి ఉంచరాదు. చెక్కపీట మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచవలెను. గోదాములలో చేసేదీ ఇదే. స్టవ్‌కు నేరుగా పైన ఉన్న అర చూపునకు సొగసైనది గాని, నూనెకు, పొడులకు అది శత్రుస్థానం. అక్కడి ఆవిరి కారానికి గడ్డ కట్టిస్తుంది. వేడి జీలకర్ర, ధనియాల సుగంధాన్ని హరిస్తుంది. వెలుగు తగిలితే పసుపు రంగు వెలిసి, గుణం తగ్గుతుంది. పోపుల పెట్టెలో వారానికి సరిపడ మాత్రమే ఉంచి, తక్కినది చీకటి అరలో పెట్టండి. అయొడిన్ కలిపిన ఉప్పుకు కూడ మూత ఉండవలెను. ఉల్లిపాయలు గాలి ఆడేచోట, బంగాళాదుంపలు చీకటిలో, రెండును వేరువేరుగా ఉంచవలెను. పచ్చబడిన దుంప, మొలక వచ్చిన దుంప విషతుల్యం. వార్తాపత్రిక కాగితం అరలో పరచవచ్చును గాని, దానిలో తినుబండారం పొట్లం కట్టరాదు. సిరాలోని హానికర ద్రవ్యాలు ఆహారంలోకి చేరునని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించింది.

కిరోసిన్, ఫినాయిల్, ఆసిడ్, నాఫ్తలిన్ ఉండలు కొట్టుగదిలో ఉండనే రాదు. శీతలపానీయపు ఖాళీసీసాలో వానిని పోయువారు, ఆ సీసా దాహం వేసిన పిల్లవానికి ఎట్లు కనిపించునో ఒక్కసారి ఆలోచించవలెను.

ప్రతి నెల వెచ్చాలు వచ్చే ముందు రెండు మూడు డబ్బాలనైనను పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టండి. పాతసరుకు ముందుకు, కొత్తది వెనుకకు. ఈ పని ఇల్లాలిదే అన్న నియమం లేదు. వెచ్చాలు తెచ్చిన పురుషుడు డబ్బాలోకి ఎత్తుట కూడ నేర్చుకొనవచ్చును.

మందుల అర

శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, మెంతులు, కరక్కాయ, ధనియాలు ఒక ప్రత్యేకమైన పెట్టెలో ఉంచుకొనుట మంచిది. చాల ఇండ్లలో ఇవి ఉంటాయి, కాని పొడులుగా ఉంటాయి. అది సరికాదు. ఎండించిన మూలికలు ఏడాది వరకు, చూర్ణాలు రెండు నెలల వరకు, మాత్రలు లేహ్యాలు ఒక సంవత్సరం వరకు గుణం నిలుపుకొంటాయని శార్ఙ్గధరుని నిర్ణయం. పొడి చేసిన క్షణం నుండి గాలి సోకే తలం వేయింతలగును, సుగంధ తైలం ఎగిరిపోవును. మూడేళ్ళ క్రితం కొన్న శొంఠిపొడి వేసి కషాయం కాచి త్రాగి, 'ఆయుర్వేదం పని చేయలేదు' అన్న పెద్దమనిషి ఒకరికి, నేను శొంఠి కొమ్ము ఒకటి ఇచ్చి ఇంట దంచుకొనుమన్నాను. ఘాటుకు తుమ్ములు వచ్చాయని మరునాడు చెప్పారు. అజీర్ణం కూడ వారంలో తగ్గింది.

త్రికటు చూర్ణం కావలసినవారు శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు సమభాగాలుగా, ఒక్కొక్కటి పాతిక గ్రాములు చాలును, విడివిడిగా దోరగా వేయించి, దంచి, వస్త్రగాళితం చేసి, తడిలేని చిన్న గాజుసీసాలో పెట్టుకొనండి. భోజనానికి ముందు చిటికెడు తేనెతో. కడుపులో వ్రణం ఉన్నవారు, గర్భిణులు, మంట అధికంగా ఉన్నవారు వాడరాదు. సీసా మీద పేరు, దంచిన తేదీ వ్రాసిన చీటీ అతికించండి. పేరులేని పొట్లం ఏదైనను, వాసన చూచి, రుచి చూచి గుర్తుపట్టే ప్రయత్నం వద్దు. ఉమ్మెత్త గింజలు మిరప గింజలను పోలి ఉంటాయి. ఎవరో మందుకని ఇచ్చి మరచిన పొట్లం విప్పి వాడుకొన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. చీటీ లేనిదానిని పిల్లలకు, పశువులకు అందనిచోట గొయ్యి తీసి పూడ్చండి.